మా బావ ఆటల అరలకు నాన్న మచ్చు తీసిన రోజు

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. చిక్కుడుకాయ కనబడితే పొట్లకాయ అని రాస్తాను. ఇంటికి నలుగురు చుట్టాలొస్తే పెరట్లో గాడిపొయ్యి తవ్వించామని చెప్తాను. కాబట్టి ఇందులో అంకె కనబడినప్పుడల్లా నాలుగుతో భాగించుకుని చదువుకోండి. మా అక్క మొగుడికి నేను చేసిన పనిని మాత్రం భాగించకండి. దాన్ని ఎంత చిన్నదిగా చెప్దామన్నా అది చిన్నదవడం లేదు.

మాది రాజాంలో ధాన్యం, బియ్యం వ్యాపారం. బావది బొబ్బిలి. అక్కడ సీడీల కొట్టు నడిపేవాడు. జనం సీడీలు అద్దెకు తీసుకోవడం మానేశాక కొట్టు మూసి, రెండు ట్రంకు పెట్టెల నిండా వీడియో ఆటల డిస్కులు, ఒక టీవీ, దానికి తగిలించే ఆటల పెట్టె, మా అక్క, వీటితో మా ఇంట్లో దిగాడు. కొడుకు లేని ఇంటికి ఇల్లరికం వస్తే అల్లుడికి మర్యాద ఉంటుంది. కొడుకున్న ఇంటికి వస్తే ఏముంటుంది? నెల తిరిగేసరికి ఆయన విస్తట్లో పడే పప్పులో పప్పు కనబడడం మానేసింది. మూడో నెలకు ఆయన కంచానికి, పెరట్లో కుక్క గిన్నెకు తేడా తెలియక కుక్కే తికమక పడింది.

నాన్న ఆయన్ని కాటా దగ్గర కూర్చోబెట్టాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బస్తాలు తూయడమే పని. నాన్న ఆయన్ని ఒక్కనాడు కూడా ఏకవచనంలో పిలవలేదు. "అల్లుడు గారూ, తమరు కాస్త లెగిస్తే ఆ బస్తా తూకానికొస్తాది" అనేవాడు. మా ఇంట్లో ఒరే అంటే మనవాడని అర్థం. గారు అంటే ఎప్పుడు వెళ్తారని అర్థం.

కొట్టు పక్కనే రోడ్డు వైపు తలుపున్న చిన్న గది ఒకటి ఉండేది. చిరిగిన గోనెసంచులు, విరిగిన బల్ల, ఆ బల్ల మీద మధ్యాహ్నం పూట నేను, ఇవే అందులో ఉండేవి. ఒకరోజు భోజనాల దగ్గర బావ ఆ గది అడిగాడు. అక్కడ ఆటల కొట్టు పెట్టుకుంటానని, కాలేజీ పిల్లలు ఊరి నిండా ఉన్నారని, కాటా దగ్గర వేరే మనిషిని చూసుకోమని. ఆ చివరి మాట కంచంలోకి చూస్తూ అన్నాడు. మా అక్క వడ్డిస్తున్న గరిటె గాల్లోనే ఆగిపోయింది.

"ఏటి సరుకది?" అన్నాడు నాన్న.

"ఆటలు మావయ్యా. మనమే ఒక మనిషి వేషం కట్టి ఆడతాం. దెబ్బలాడిన కొద్దీ బలం పెరుగుతాది, తెలివి పెరుగుతాది, కొత్త విద్యలొస్తాయి."

"ఎన్నేళ్ల బట్టి ఆడతన్నారు తమరు?"

"పదిహేనేళ్ల బట్టి."

"ఏటీ పెరగలేదే."

నేను నవ్విన నవ్వుకు ముక్కులోంచి మజ్జిగ వచ్చింది. బావ నవ్వు ముఖంతోనే కూర్చున్నాడు. నాన్న మళ్లీ అడిగాడు. "అన్నీ వేషాల ఆటలే అంటన్నారు. మరి ఆరు అరల్లో ఆరు రకాలుగా సర్దుతారంట, ఎందుకది?"

"మన కొట్లో ఉన్నవన్నీ బియ్యమే కదా మావయ్యా. తొమ్మిది రాశులెందుకు పోసేం?"

నాన్న ముద్ద నోటి దాకా తీసుకెళ్లి ఆపాడు. తరవాత ముద్ద మింగి, "బుర్రున్నాది" అన్నాడు.

ఆ మాట నేను పుట్టి నలభై ఏళ్లయినా నా గురించి అనలేదు. దీన్ని నాలుగుతో భాగించొద్దు, అప్పటికి నా వయసు నిజంగా అంతే.

"శుక్రవారం మచ్చు తీస్తాను" అన్నాడు నాన్న. "సరుకు మాట మీద నిలబడితే గది మీది."

మచ్చు తీయడమంటే తెలియనివాళ్ల కోసం చెప్తాను. ధాన్యం లారీ వస్తే అన్ని బస్తాలూ విప్పి ఎవరు చూస్తారు? ఏదో ఒక బస్తాలో ఇనప గొట్టం గుచ్చి గుప్పెడు గింజలు లాగుతారు. చెప్పిన రకమే అయితే లారీ దించుతారు. కాకపోతే ఇంకో బస్తా గుచ్చుతారు. అదీ తేడా వస్తే లారీ మొత్తం వెనక్కి. మిగతా బస్తాల్లో బంగారం ఉన్నా వెనక్కే. నాన్న పెళ్లికూతుళ్లను, డాక్టర్లను, దేవుళ్లను కూడా రెండు మచ్చులతోనే తేల్చేసేవాడు.

ఆ వారమంతా బావ ఆ గదిలో అరలు సర్దాడు. నేను పక్కన కూర్చుని శ్రద్ధగా నేర్చుకున్నాను. జీవితంలో నేను అంత శ్రద్ధగా నేర్చుకున్నది మరొకటి లేదు.

"డబ్బా మీద బొమ్మ సూడకు బామ్మర్దీ" అనేవాడు. "అన్నిటి మీదా కత్తే ఉంటాది, రాక్షసుడే ఉంటాడు. లోపల మనిషి సేతికి ఏటి పనో సూడు. అదే రకం."

మొదటి అర వంతుల రకం. నువ్వు కొట్టేదాకా రాక్షసుడు నిలబడే ఉంటాడు, వాడు కొట్టేదాకా నువ్వు నిలబడాలి. ముందు మీరు, కాదు ముందు మీరు అనుకుంటూ రెండు వంశాలు అంతరించిపోయేంత మర్యాద. రెండోది ఎగబడి కొట్టే రకం. పండక్కి పాలకొండ బస్సు వచ్చినప్పుడు ఆర్టీసీ కాంప్లెక్సులో జరిగేదే అది, వంతుల్లేవు, కిటికీలోంచి తువ్వాలు వేసినవాడిదే సీటు. మూడోది గళ్ల రకం. పులీమేకా ఆటలా ఎవడు ఏ గడిలో నిలబడ్డాడన్నదే ముఖ్యం, బలం తరవాత. నాలుగోది నేలమాళిగల రకం. చీకటి కొట్లలో దూరి, ఎలకల్ని చంపి, మూటలు విప్పి, పనికొచ్చేది ఏరుకోవడం. ఇది ఆడడానికి డిస్కెందుకు, మా గోడౌనుకు వెళ్తే చాలదా అని నేనన్నాను. అక్కడి ఎలకలు ఎంత లావంటే, పిల్లులు వాటిని అన్నయ్యా అని పిలిచేవి.

ఆ అరలోనే ఒక పక్కగా ఒకే ప్రాణం రకం విడిగా పెట్టాడు. అందులో చస్తే చచ్చినట్టే. సంపాదించిన బలం పోతుంది, కత్తి పోతుంది, దారి కూడా మారిపోతుంది, మళ్లీ వట్టి చేతులతో మొదటి మెట్టు. "ఇది అందరికీ ఇవ్వకూడదు" అన్నాడు బావ. "గుండె దిటవున్నోడికే ఇవ్వాల. తెలీకుండా ఇస్తే పాపం."

అయిదోది తిరుగుళ్ల రకం. రాజు కూతుర్ని విడిపించుకు రమ్మంటే, దారిలో పుట్టగొడుగులు ఏరుకుంటూ, ముసలివాళ్లకు మందులు తెస్తూ, మూడు నెలలు తిరగొచ్చు. ఆ పిల్లకు అక్కడే మనవలు పుట్టేస్తారు. ఆరోది వేలమంది ఒకేసారి ఆడే రకం. దానికి ఇంటర్నెట్ కావాలి. రాజాంలో అప్పుడు ఇంటర్నెట్, కరెంటు ఒకే రోజు ఉన్న దాఖలా లేదు. అందుకని ఆ అర ఖాళీగా ఉంచి, పేరు మాత్రం చక్కగా రాసి అంటించాడు.

బావ తన కోసం ఒక ఆటను ఏ అరలోనూ పెట్టకుండా ఉంచుకున్నాడు. అందులో కొట్టుకోవడం తక్కువ, మాటలెక్కువ. ఎవడైనా ఏమైనా అంటే నాలుగు జవాబులు తెర మీద కనబడతాయి, ఒకటి ఎంచుకోవాలి. మా ఇంట్లో ఎవరేమన్నా నవ్వు ముఖం పెట్టే బావ, అందులో ప్రతిసారీ అన్నిటికన్నా పొగరుగా ఉన్న జవాబే ఎంచుకునేవాడు. అది నేను కిటికీలోంచి చూశాను. చూసి నాన్నకు చెప్పి, ఇద్దరం నవ్వుకున్నాం.

గురువారం మధ్యాహ్నం బావ కాటా దగ్గరికి వెళ్లాడు. నేను ఆ గదిలో తలుపు వేసుకున్నాను. అరల వరస చెడగొట్టలేదు. డబ్బాలు అలాగే ఉంచి లోపలి డిస్కులు మార్చాను. వంతుల డబ్బాలోకి ఎగబడేది, గళ్ల డబ్బాలోకి నేలమాళిగది, ఒకే ప్రాణం డబ్బాలోకి తిరుగుళ్లది. అన్నీ మారుస్తే నాన్న ఎక్కడ గుచ్చినా తగులుతుందని అన్నీ మార్చాను. పని అయ్యాక బల్ల మీద పడుకుంటే, గురక పెట్టి ఎదురు కొట్టువాళ్లను లేపేంత హాయిగా నిద్రపట్టింది.

శుక్రవారం నాన్న స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, గదిలోకి వచ్చాడు. అక్క కొత్త చీర కట్టుకుంది. ధాన్యం తెచ్చిన రైతులు నలుగురు గుమ్మంలో నిలబడ్డారు. భాగించుకుంటే ఒక్కరు. నాన్న మొదటి అరలోంచి ఒక డబ్బా లాగాడు.

"ఏ రకం?"

"వంతుల రకం మావయ్యా. మనం సెప్పేదాకా ఎవడూ కదలడు. మధ్యలో తాపీగా టీ తాగి రావచ్చు."

డిస్కు పెట్టాడు. తెర వెలిగింది. బావ చెయ్యి ఆగిపోయింది. "ఇది కాదు మావయ్యా. డబ్బా మారిపోయినట్టున్నాది."

"సర్దింది తమరే కదా?"

"నేనే."

"టీ తాగొచ్చన్నారు. తాగండి."

అక్క టీ తెచ్చింది. నాన్న చూస్తున్నాడని బావ మీటల మీద చెయ్యి తీసి గ్లాసు పట్టుకున్నాడు. తెర మీద ఆయన మనిషి చేతులు కిందికి వేలాడేసి నిలబడ్డాడు. నలుగురు రాక్షసులొచ్చి నరకడం మొదలుపెట్టారు. బావ ఒక గుక్క తాగాడు. కాలింది కాబోలు, మింగలేక నోట్లోనే ఉంచుకున్నాడు. గుమ్మంలో రైతు, "ఆయన కూడా అల్లుడేనేటి, ఎన్ని తిన్నా మాటాడడే" అన్నాడు. నేను గోడ పట్టుకుని నవ్వాను.

నాన్న నవ్వలేదు. ఒకే ప్రాణం డబ్బా లాగాడు.

"ఇదేటి సెప్పండి."

బావ డబ్బా మీద పేరు చూసి చెప్పాడు. "ఇందులో సస్తే అంతేనండి. మరి లేవడు."

తెర మీద మనిషి కొండ మీంచి పడి చచ్చాడు. చెంబుడు నీళ్లు తాగేంతసేపట్లో, దెబ్బ తగలనట్టు లేచి, ముందు నిలబడ్డ చోటే నిలబడ్డాడు.

"లెగిసేడే" అన్నాడు నాన్న. అరవలేదు. డబ్బా మూసి అరలో పెట్టాడు. "బియ్యంలో నూకలు కలిపితే కలిపేమని సెప్పి అమ్ముతాం. పేరొకటి, సరుకొకటి, ఇది మా ఇంటా వంటా లేదు." గుమ్మం దాటుతూ ఒకే మాట అన్నాడు. "కల్తీ."

వ్యాపారం చేసుకునే ఇంట్లో దొంగ అని పిలిస్తే కడుక్కోవచ్చు. ఆ మాట అంటే కడుక్కోలేరు. అది నాకు తెలుసు. అందుకే నేను డిస్కులు విరగ్గొట్టలేదు, మార్చాను.

అక్క బావను అడిగింది. "ఒక్కసారైనా తీసి సూసుకోనేదా నువ్వు?"

బావ నా వైపు చూశాడు. కళ్లలో కోపం ఉంటే నేను హాయిగా తట్టుకునేవాణ్ణి. లెక్క తేలినవాడి చూపు అది. తరవాత అక్కతో, "సూసుకోనేదు" అన్నాడు. కింద కూర్చుని డబ్బాలన్నీ విప్పి, ఏ డిస్కు ఏ డబ్బాదో వెనక్కి పెట్టడం మొదలుపెట్టాడు. ఒక్కటీ తప్పు పెట్టలేదు.

ఆ సాయంత్రం నాకు ముద్ద దిగలేదు. నాన్న పడక్కుర్చీ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. నాన్న చెంప మీద కొట్టిన దెబ్బ చీపురుపల్లి స్టేషను దాకా వినబడింది. మర్నాడు బావను పిలిచి తాళంచెవి చేతిలో పెట్టాడు, ఒరే అల్లుడా అన్నాడు.

ఇందాకటి నుంచీ పొట్లకాయలు ఎన్నో చెప్పాను. ఎలకల్ని సన్నం చేసుకోండి, రైతుల్ని తగ్గించుకోండి, అవన్నీ ఉన్నవాటినే సాగదీయడం. లేనిది పుట్టించింది మాత్రం దీనికి ముందున్న పేరా ఒక్కటే. నాకు ఆ సాయంత్రం ముద్ద బాగానే దిగింది. మారు వడ్డించుకున్నాను. నాన్న దగ్గరికి వెళ్లలేదు, ఆయన పోయేదాకా చెప్పలేదు.

ఆ గదిలో తవుడు బస్తాలు వేశారు. బావ కాటా దగ్గరే ఉండిపోయాడు. నాన్న మునుపు ఆయన తూస్తుంటే అటు చూసేవాడు కాదు. ఆ శుక్రవారం తరవాత, ప్రతి బస్తాకూ కుర్చీలోంచి లేచి వచ్చి, బావ భుజం మీంచి వంగి, కాటా ముల్లు చూసి వెళ్లేవాడు. బావ ఆయన చూడ్డానికి వీలుగా కాస్త పక్కకు తప్పుకునేవాడు.