లక్ష్మక్కవ్వ చూపు తప్పిన ఏడాది

మా లక్ష్మక్కవ్వ ఒక్క చూపు చూసిందంటే, కడుపులో పడిన బిడ్డ తల్లికన్నా ముందు అవ్వకే హాజరు పలికేది. తెలిశాక ఆమె నోరు ఊరుకునేది కాదు. చూడటం అవ్వ పని. ఆ మాటను ధర్మవరం వీధుల్లో మోయడం నా పని. ఐదో తరగతి రెండుసార్లు తప్పినా, ఆ పనిలో మాత్రం నేనెప్పుడూ తప్పలేదు.

చింతకాయ తినడాన్ని అవ్వ గుర్తుగా ఒప్పుకునేది కాదు. "దానికి కడుపే రావల్లనా? నోరుంటే సాలు" అనేది. ఆమె చూసేవి వేరు. రాట్నం ముందు పట్టపగలే కునికే కోడలు, బిందె దించీ దించకనే దొడ్డివైపు నడిచే కోడలు, పట్టు ఉడికే గంగాళం దగ్గర సబ్బు సోడా వాసనకు కొత్తగా ముక్కు మూసుకునే కోడలు.

ఒకసారి హిందూపురం నుంచి పెనుకొండకు పోయే బస్సులో ముందు సీటామె వాంతి చేసుకుంది. "ఈ బస్సు కుదుపులకు పైత్యం లేస్తాండాది" అంది మొగుడితో.

"బస్సునెందుకమ్మా అంటావు? నువ్వు కిటికీ కాడ కూసో. ఏమప్పా, నువ్వు లెయ్" అని అవ్వ ఆ మొగుణ్ని పెనుకొండదాకా నిలబెట్టింది. ఏడాది తిరక్కుండా అతను కలకండ పొట్లంతో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు.

మా చిన్నాయన నారాయణస్వామి భార్య పుష్పావతి విషయంలోనూ అవ్వ చూపు రెండుసార్లు నిజమైంది. రెండుసార్లూ వీధికి బెల్లం పంచాం. రెండుసార్లూ మూడో నెలలో కడుపు పోయింది. బెల్లం తిన్నవాళ్లంతా పలకరించడానికి వచ్చారు. "బరువేమన్నా ఎత్తినావా? ఏం తినింటివి?" చిన్నమ్మ తల వంచుకుని ఒక్కొక్కరికీ మొదటినుంచీ చెప్పింది. ఆ తర్వాత నీళ్లకు కూడా వీధిలోకి రాలేదు. అవ్వ గడపలో కూర్చుని ఆ ప్రశ్నలన్నీ వింది.

పందొమ్మిది వందల అరవై రెండులో అవ్వ చూపు తప్పింది. చిన్నమ్మ కాఫీ లోటా పక్కకు నెట్టినా ఆమెకు కనిపించలేదు.

"ఏమక్కా, నీ కోడలు కాఫీ ముట్టలేదే?" అంది పక్కింటి గోవిందమ్మ.

"బెల్లం ఎక్కువైండాది" అంది అవ్వ.

పైగా ముసలితనంలో పనిమీద ఆశ పుట్టింది ఆమెకు. గంగాళం దగ్గర తనే కూర్చుంటానని పట్టుబట్టింది. కాళ్ల నొప్పులంటూ కోడల్ని మధ్యాహ్నమంతా పక్కన కూర్చోబెట్టుకుంది. కాళ్లు మాత్రం ఒక్కరోజూ ఒత్తించుకోలేదు. అవ్వ పని అయిపోయిందని వీధి అనుకుంది. నేను మూడు వేళ్లు చూపించి, "ఇవెన్ని, అవ్వా?" అన్నాను.

"నీ బుద్ధులకన్నా రెండెక్కువ" అంది.

ఐదో నెల నిండాక గోవిందమ్మ పరుగున వచ్చింది. "అక్కా, నీ కోడలు కడుపుతో ఉండాది. నీకు తెలీనే లేదే."

"ఔనా" అంది అవ్వ, గంగాళంలో పట్టు తిప్పుతూ.

ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజు చిన్నమ్మ ఆ బిడ్డను అందరికన్నా ముందు అవ్వ ఒడిలోనే పెట్టింది. అప్పుడు నాకు అర్థమైంది.

"ఎప్పుడు తెలిసింది, అవ్వా?"

"మొదటి దినమే."

"నాకన్నా చెప్పకూడదా?"

"నీకు చెప్పేదానికన్నా సినిమా బండి మైకుకు చెప్పేది మేలు. అదన్నా పొద్దుగూకితే నోరు మూసుకుంటాది."