జపం చేసే వేలికి క్లిప్పు

మా నాయన గురక పెడితే పాకాల జంక్షన్‌లో జనం గూడ్సు బండి వస్తోందనుకుని పట్టాలకు దూరంగా జరుగుతారని నేను చాలామందికి చెప్పాను. మా ఇల్లు తిరుపతిలో. పాకాల ఎంత దూరమో తెలిసినవాళ్లు నవ్వుతారు, తెలియనివాళ్లు పాపం తల ఊపుతారు. నాకు రెండో రకం వాళ్లంటేనే ఇష్టం.

ఆ గురక సంగతి విని నవ్వనిదీ తల ఊపనిదీ ఒక్కావిడే. నాయనకు పిత్తాశయంలో రాళ్లు పడి ఆపరేషన్ చేయాల్సి వచ్చినప్పుడు మత్తు ఇవ్వడానికి వచ్చిన డాక్టరమ్మ. చిత్తూరు పక్క మనిషి. ముందురోజు వార్డులోకి వచ్చి నాయన నోరు తెరిపించి చూసింది, లావుపాటి మెడను తడిమింది, గురక పెడతాడా అని అడిగింది. నేను ఉత్సాహంగా పాకాల కథ మొదలుపెట్టాను.

“అన్నా, బండ్ల సంగతి తర్వాత సూద్దాం. గురక మధ్యలో ఊపిరి ఆగినట్టు నిలబడిపోతాదా?”

“ఆగుతాది మేడమ్. అయిపోయిందిరా అనుకునేలోపల మళ్లీ ఇంజను అందుకుంటాది.”

“నాకు భయం అదే. ఆపరేషన్ జరిగేటప్పుడు ఊపిరి నేను ఆడిస్తా. అయినాక మత్తు దిగేటప్పుడు, నిద్రలో గొంతు మూసుకుంటే రక్తంలో ఆక్సిజన్ పడిపోతాది. మనిషికి ఆ కాసేపే గండం.”

ఆమె వెళ్లాక నాకు కథలు రాలేదు.

నాయన గుడిలో సేవలు చేసేవాళ్ల ఇంట్లో పుట్టి, ఆఫీసు ఉద్యోగం చేసి రిటైరయినవాడు. ఆయన కుడిచేతి బొటనవేలు మిగతా వేళ్ల కణుపుల మీద ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. అది గోవింద నామ జపం లెక్క. బస్సులోనూ ఆగదు, పెళ్లిపందిట్లోనూ ఆగదు, నన్ను తిట్టేటప్పుడు ఇంకొంచెం వేగంగా నడుస్తుంది.

ఆపరేషన్ రోజు పొద్దున సిస్టర్ వచ్చి ఆ చేతి చూపుడువేలికి క్లిప్పు తగిలించింది. నాయన దాన్ని అనుమానంగా చూశాడు.

“ఏందిరా ఇది? గుడ్డలారేసే క్లిప్పు మాదిరి ఉండాది.”

“నీ జపం లెక్కపెట్టే మిషన్ నాయనా. ఒక్క గోవింద ఎగ్గొట్టినా కొండమీదికి సమాచారం పోతాది.”

“నీ నోట్లోంచి ఒక్క నిజం వచ్చిన్నాడు నేను గుండు కొట్టించుకుంటాన్రా,” అన్నాడు నాయన. అరవై దాటినా నల్లగా ఒత్తుగా ఉన్న జుట్టు అది. ఆయనకు దానిమీద ఉన్న గర్వం నా అబద్ధాల మీద నాకున్నంత.

నిజానికి ఆ క్లిప్పు చేసే పని నా అబద్ధం కంటే నమ్మశక్యం కానిది. ఎర్రటి వెలుగు ఒకటి వేలికి ఇటునుంచి దూరి అటు తేలుతుంది. ఆక్సిజన్ నిండిన రక్తం ఒక ఎరుపు, తగ్గిన రక్తం ఇంకో ఎరుపు. ఆ తేడా చూసి ఆక్సిజన్ ఎంతుందో అంకె చెప్పేస్తుంది. సూది గుచ్చడం లేదు, చుక్క రక్తం తీయడం లేదు. ఇన్నేళ్లుగా కథలు అల్లుతున్నాను, ఇలాంటిది ఒక్కటీ నాకు తట్టలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. మత్తు దిగే గదిలో నన్నొక్కణ్ణి పక్కన ఉండనిచ్చారు. నాయన ఎడమచేతికి సెలైన్, బీపీ పట్టీ. పట్టీ బిగిసినప్పుడల్లా ఆ చేతికి రక్తం సరిగా పారదని క్లిప్పును మళ్లీ కుడిచేతికే పెట్టారు. క్లిప్పుకు తగిలించిన మిషన్ తెరమీద గీతలు, అంకె చూపిస్తూ టిక్కు టిక్కుమంటూ ఉంది. ఉన్నట్టుండి గీతలు పిచ్చిగా ఎగిరి, గంట గోలపెట్టింది. సిస్టర్ పరుగెత్తుకొచ్చింది.

డాక్టరమ్మ మాత్రం మిషన్ వైపు కాకుండా నాయన చేతివైపు చూసి నవ్వింది. ఆయన కళ్లింకా తెరవలేదు, బొటనవేలు మాత్రం కణుపుల మీద నడుస్తోంది.

“జపమా? వేలు కదిలితే మిషన్‌కు తిక్క లేస్తాది.”

“క్లిప్పు కాలికి మార్చేదా మేడమ్?” అంది సిస్టర్.

“వద్దులే. జపం చేసినంతసేపు తాతకు తెలివుండాదని మనకూ తెలుస్తాది.”

కాసేపటికి ఆమె పక్క మంచం దగ్గర, మాకు వీపు పెట్టి, సెలైన్ సరిచేస్తోంది. టిక్కుమనే చప్పుడు మెల్లగా గొంతు దించింది. వెంటనే గంట మోగింది.

“మళ్లీ మొదలుపెట్టినాడు మేడమ్ జపం,” అన్నాను నవ్వుతూ.

ఆమె అప్పటికే తిరిగి వచ్చేస్తోంది. “జపం కాదు, టిక్కు శ్రుతి దిగిపోతా ఉండాది, ఆక్సిజన్ పడిపోతా ఉండాది. వేళ్లు సూడన్నా!”

చూశాను. బొటనవేలు నడిమివేలి కణుపు మీద ఆగిపోయి ఉంది. గురక లేదు. ఛాతీ ఎగదన్నుతోంది గాని గాలి చప్పుడు లేదు. ఆకు వక్కతో ఎప్పుడూ ఎర్రగా ఉండే పెదాలు, నీలం తిరిగినా నాకు కనిపించేవి కావు. ఆమె రెండుచేతులా నాయన దవడను ముందుకెత్తి పట్టింది. సిస్టర్ ముక్కుకూ నోటికీ మాస్కు అదిమింది.

“తాతా! ఓ తాతా! గట్టిగా ఊపిరి పీల్చు!”

గాలి లోపలికి పోయిన చప్పుడు నాకు వినిపించింది. అంకె మాత్రం ఇంకా దిగుతూనే ఉంది.

“మేడమ్, తగ్గతానే ఉండాదే...”

“ఊపిరి లోపలికి పోయినంత మాత్రాన అంకె ఎగరదన్నా. గాలి రక్తంలో కలిసి వేలిదాకా రావాల్నా వద్దా?”

ఆమె పట్టిన దవడ వదల్లేదు. నేను అక్కడ నిలబడి టిక్కు టిక్కు వింటున్నాను. దిగిన గొంతు ఒకచోట ఆగింది. మెల్లగా పైకెక్కింది. నాదస్వరం ముందు ఎన్నో రాత్రులు కూర్చున్నవాణ్ణి, ఒక స్వరం పైకెక్కడం కోసం అంతగా ఎప్పుడూ కాచుకోలేదు. నాయన దగ్గి, కళ్లు తెరిచి, మాస్కులోంచి గొణిగాడు.

“లెక్క... యాడికొచ్చిందిరా?”

లెక్క ఆగిన నడిమివేలి కణుపు మీద నా వేలు పెట్టి చూపించాను.

మరుసటి రోజు డాక్టరమ్మ చూడ్డానికి వచ్చినప్పుడు, నాయన అడిగితే, జరిగింది జరిగినట్టు చెప్పాను. గూడ్సు బండి లేదు, కొండమీదికి సమాచారం లేదు. నాయన ఆమె వైపు తిరిగాడు.

“అమ్మా, వీడు చెప్పేదాంట్లో రూపాయికి ఎన్ని పైసలు నిజం?”

“రూపాయికి రూపాయీ తాతా. అట్లే జరిగినాది.”

క్లిప్పు లేని చెయ్యి పైకెత్తి జుట్టు ఒకసారి నిమురుకున్నాడు.

“దరిద్రుడా, ఇప్పుడే నిజం చెప్పాల్నా?”

గాయం మానాక కొండకు పోయి మాట నిలబెట్టుకున్నాడు. ప్రసాదంలో సగం డాక్టరమ్మకు ఇచ్చి రమ్మని నన్ను పంపాడు. గుండు చూసి వీధిలో అందరూ మొక్కు తీర్చుకున్నాడనుకుంటున్నారు. మొక్కు కాదు, పందెం ఓడిపోయినాడని నేను చెబితే ఒక్కరూ నమ్మడం లేదు. నాయన పక్కనే కూర్చుని, వేళ్లు లెక్కపెట్టుకుంటూ, వాళ్లతోబాటు తల అడ్డంగా ఊపుతాడు.