శనివారం కలిపిన ద్రావణం

1964 జూన్‌లో నన్ను ఇచ్చోడ దగ్గరి ఒక మిషన్ ఆసుపత్రికి లాబొరేటరీ టెక్నీషియన్‌గా వేశారు. కొడవలి కణాల పరీక్ష అక్కడ తరచూ చేయవలసి వచ్చేది. రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్‌లో అమైనో ఆమ్లాలు గొలుసులుగా ఉంటాయి. వాటిలో ఒక రకం గొలుసుకు మొదటి కొస నుంచి ఆరోది గ్లుటామిక్ ఆమ్లం. దాని చోట వాలిన్ ఉంటే, ఆక్సిజన్ తగ్గగానే ఎర్రకణాలు కొడవలిలా వంగుతాయి. ఆక్సిజన్‌ను లాగేసే మెటాబైసల్ఫైట్ ద్రావణాన్ని రక్తపు చుక్కతో కలిపి, గాజు పలకల మధ్య మైనంతో మూసి, మైక్రోస్కోపులో చూస్తే ఆ వంపు తెలుస్తుంది. సృష్టికర్త పనితనాన్ని అంత దగ్గరగా చూసే ఉద్యోగం ఇచ్చినందుకు రోజూ దేవుని స్తుతించేవాణ్ణి.

నిలవుంటే శక్తి పోతుంది, అందుకే ఆ ద్రావణం ఏ రోజుకారోజు కలపాలి. విశ్రాంతి దినాన నేను రసాయనాలు తూచే త్రాసు ముట్టేవాణ్ణి కాను గనుక, ఆదివారానికి కావలసింది శనివారమే కలిపి పెట్టేవాణ్ణి. బిరడా గట్టిగా బిగిస్తే చాలనుకున్నాను.

ఒక ఆదివారం ఆరాధన ముగిసేసరికి సోంబాయి అనే ఇరవై ఏళ్ల గోండు యువతిని కడుపునొప్పితో బండిలో తెచ్చారు. డాక్టరుగారు అపెండిక్స్ అని అనుమానించారు. కొడవలి కణాలున్నవారికి మత్తిచ్చి కోయడం ప్రాణానికే ముప్పు. అందుకే ముందు పరీక్ష చేయమన్నారు. కణాలన్నీ గుండ్రంగా కనిపించాయి. "లేవు" అని రాసి పంపాను.

వరండాలో ఆమె తల్లి నన్ను ఆపింది. "సారూ, పోయిన చలికాలం మోకాళ్లు గిట్లనే నొచ్చినయ్. వారానికి అవ్వే తగ్గినయ్. గిప్పుడు కడుపు కోసుడెందుకు?"

కొడవలి కణాలున్నవారికి కీళ్లు, కడుపు అలాగే నొచ్చి తగ్గుతాయి; నా పరీక్ష మీదే అనుమానం వచ్చింది. మా ఆయా లచ్చుబాయి రక్తంలో ఈ గుణం ఉందని అంతకుముందే తేలింది. ఆమెను వేలు చాపమన్నాను.

"ఐతారం గూడ నా రక్తమేనా సారూ? ప్రార్థన సాలలేదా?" అంటూనే చాపింది. శనివారపు ద్రావణంలో ఆమె కణాలూ గుండ్రంగానే ఉన్నాయి.

డాక్టరుగారు ఆపరేషన్‌కు చేతులు కడుక్కుంటుండగా వెళ్లి, నా ఫలితం చెల్లదని చెప్పాను. అర్ధగంట అడిగాను.

"ఉరుకు మరి. చేతులు మళ్ల కడుక్కుంట" అన్నారు.

త్రాసు తీసి కొత్తగా కలిపాను. గుంటలో పడ్డ ఎద్దును విశ్రాంతి దినాన పైకి తీయవచ్చని సండే స్కూల్లో పిల్లలకు నేనే బోధించేవాణ్ణి. అది నా త్రాసుకూ వర్తిస్తుందని మాత్రం అంతవరకు తోచలేదు. ఈసారి ఇద్దరి కణాలూ వంగాయి.

డాక్టరుగారు సోంబాయి కళ్లు పచ్చబడి ఉండడం చూసి, మోకాళ్ల సంగతి విని, పొట్ట మళ్లీ తడిమి, కోత మానుకున్నారు. సెలైను ఎక్కించి కనిపెట్టుకుని ఉన్నారు. నాలుగో రోజు ఆమె నడిచి బండెక్కింది.

ఆ తర్వాత ఆదివారమైనా ద్రావణం అప్పటికప్పుడే కలిపాను. ప్రతిసారీ తెలిసిన రక్తం ఒక చుక్క పక్కన పెట్టి చూశాను. గుణం ఉంటే చూపగల శక్తి ద్రావణానికి ఉందో లేదో ముందు తేల్చుకోవాలి. అది తేల్చుకోని టెక్నీషియన్‌కు "లేవు" అని రాసే హక్కు లేదు.