మచ్చలేని మేడం

ఆ రోజుల్లో లోకంలోని సమస్యలన్నీ ఉతికితే పోతాయనిపించేది నాకు. ఉతికి, గంజి పెట్టి, నీడన ఆరేసి, కరెంటు ఉన్నప్పుడు ఇస్త్రీ చేస్తే చివరికి మిగిలేది మంచితనమేనని గట్టి నమ్మకం. ఈ పిల్ల స్త్రీగా పుట్టి ఇస్త్రీగా పెరిగిందని మా బాబాయి అనేవాడు. అది పొగడ్తేననుకుని చాలాకాలం సంతోషించాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. టీచర్ ట్రైనింగు పూర్తి చేసి, ప్రభుత్వం వారు పిలిచేదాకా ఊరికే ఉండటమెందుకని, గురజాలలో పిన్ని వాళ్లింట్లో దిగి, దగ్గర్లోని ఒక చిన్న ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ మేడంగా చేరాను. (ప్రభుత్వం వారు పిలవడానికి ఆరేళ్లు పట్టింది. అందులో నవ్వుకునేదేమీ లేదు కనుక వదిలేద్దాం.) ఈ సంగతి నవ్వించడానికే మొదలుపెట్టాను గానీ, రాస్తుంటే ముఖం వేడెక్కుతోంది. మాది పల్నాడు కనుక ఆ నేరం ఎండ మీదికి నెట్టేసే వీలుంది.

బడి అంటే నాలుగు రేకుల గదులు, ఒక వరండా, ముందు కాస్త ఖాళీ స్థలం, దాని మూల ఒక చేతిపంపు. పంపు కింద కారిన నీళ్లకి అక్కడి నల్లరేగడి ఏడాది పొడుగునా మెత్తగా, నిగనిగలాడుతూ, అప్పుడే దించిన హల్వాలా ఉండేది. పిల్లలకది స్వర్గం, నాకది శత్రుదేశం. రేగడి సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. చెప్పుకి అంటితే చెప్పుని వదులుకోవాలి, బట్టకి అంటితే బట్టని వదులుకోవాలి. అందుకని పంపు చుట్టూ ముగ్గుపిండితో ఒక గీత గీశాను. గీత దాటిన వాళ్లు గోడకేసి నిలబడాలి, మర్నాడు వాళ్లమ్మని తీసుకురావాలి. నెల తిరిగేసరికి నా క్లాసు పిల్లలు పొద్దున ఎలా వచ్చారో సాయంత్రం అలాగే, మడత నలగకుండా ఇళ్లకు చేరసాగారు. కాస్త పొలమూ పలుకుబడీ ఉన్న ఇళ్ల తల్లులు కరస్పాండెంట్ గారి దగ్గరికి వచ్చి, "ఈ మేడం వచ్చినాక మావాడి చొక్కా రెండ్రోజులు వస్తందండీ" అని చెప్పారట. ఆయన నన్ను పిలిపించి, "మీరు మచ్చలేని మేడం" అన్నారు. ఆ మాటకి నేలమీద కాలు ఆనలేదు నాకు. పిల్లలకి అక్షరాలు ఎన్ని వచ్చాయని మాత్రం ఎవరూ అడగలేదు. అడక్కపోవడమే మంచిదైంది.

గీతని ఖాతరు చేయనిది ఒక్కతే పిల్ల. నాలుగేళ్లుంటాయి. అసలు పేరు రాయను, పిచ్చుక అందాం. ఆయమ్మ అలాగే పిలిచేది. (ఆయమ్మ అంటే మా బడిలో గంట కొట్టడం నుంచి ముక్కులు తుడవడం దాకా సర్వాధికారిణి. వయసులో మా అమ్మ కన్నా పెద్దది, మాటలో సుత్తి కన్నా బరువైనది.) పిచ్చుక వాళ్లమ్మ నాపరాళ్ల క్వారీలో పనికి వెళ్లేది. పిల్ల రోజూ పంపు దగ్గర చేరి, రేగడితో అట్లు పోసి, బాదం ఆకుల్లో పెట్టి అందరికీ వడ్డించేది. ఒకరోజు నాకూ తెచ్చింది.

"కారం దోసె మేడం. కారం ఎక్కువైంది, నీళ్లు దగ్గర పెట్టుకో."

దోసెతో పాటు అయిదు వేళ్లూ నా వంగపండు రంగు నేతచీర కుచ్చిళ్ల మీద పడ్డాయి. "రేపు మీ అమ్మని తీసుకురా" అన్నాను. అది చాలదన్నట్టు డైరీలో ఎర్రసిరాతో, ఇంగ్లీషులో, ఒక పేరా రాశాను. వాళ్లింట్లో తెలుగు చదివేవాళ్లు కూడా లేరని నాకు తెలుసు. ఎర్రసిరా అయితే ఏ భాషలో రాసినా అర్థమవుతుందని నా తెలివి.

మర్నాడు మధ్యాహ్నం ఆమె క్వారీ నుంచి నేరుగా వచ్చింది. తల నుంచి కాలిగోళ్ల దాకా రాతిపొడి, కనురెప్పల మీద కూడా. చీరది ఏ రంగో చెప్పలేం. వరండా అప్పుడే తడిబట్ట పెట్టి ఉందని మెట్ల కిందే, ఎండలో ఆగిపోయింది. నేను పైమెట్టు మీద, నీడలో.

"ఏం జేసింది మేడం?" అంది.

"చూడమ్మా, పిల్లకి శుభ్రంగా ఉండటం నేర్పాలి. తల్లిని చూసే గదా పిల్ల నేర్చుకునేది" అన్నాను.

ఈ వాక్యం రాయడానికి కలం రెండుసార్లు కింద పెట్టాను. అన్నది నేనే. ఎదురుగా ఉన్న మనిషిని చూస్తూనే అన్నాను. ఆమె వంగి తన చీర ఒకసారి చూసుకుంది. కొంగుతో ముఖం తుడుచుకోబోయి, ముఖం కన్నా కొంగే మాసి ఉందని కాబోలు, మానుకుంది. "అట్నే మేడం" అంది. పిచ్చుక ఆమె చీర పట్టుకుని మా ఇద్దరి నోళ్ల వంకా మార్చి మార్చి చూస్తూ నిలబడింది. ఆమె వెళ్లాక ఆయమ్మ గంట అవసరానికి మించి గట్టిగా కొట్టింది.

ఆ మర్నాడు పిచ్చుక రెండు జడలూ బిగించి, గౌను మీద చిన్న ముడత కూడా లేకుండా వచ్చింది. చేతులు రెండూ ఒంటికి తగలకుండా, తడి గోరింటాకు పెట్టుకున్నట్టు, దూరంగా చాపి ఉంచింది. నేనేం చేశాననుకున్నారు? పిల్లని ముందుకు పిలిచి, "చూడండి, అందరూ పిచ్చుకలా ఉండాలి" అని చప్పట్లు కొట్టించాను. రెండో రోజూ చేతులు అలాగే ఉన్నాయి. మూడో రోజు బలపం ఇస్తే పట్టుకోలేదు. "పొడి అంటుద్ది" అంది. రంగుపెన్సిళ్లు ముట్టుకోలేదు. మధ్యాహ్నం పప్పన్నం డబ్బా మూత తీసి, దాని ముందు చేతులు చాపుకుని కూర్చుంది. ఆయమ్మ వచ్చి ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. పెడుతూ, నా వైపు తిరక్కుండా అంది:

"ఏంది మేడమ్మా, పిల్లని చేశావా, ఇస్త్రీబట్టని చేశావా?"

"నేనేం చేశాను ఆయమ్మా, శుభ్రంగా ఉండమన్నాను."

"ఉండమన్నావు. ఆ తల్లి ఇంటికి పోయి దీన్ని వీపు మీద రెండేసిందంట. ఏసి, ఇది ఏడవకపోతే తనే కూర్చుని ఏడ్చిందంట. నువ్వు తల్లికి జెప్పావు, తల్లి పిల్లకి జెప్పింది. ఇంక ఇది ఎవురికి జెప్పాల?"

ఆ పూట నాకు అన్నం దిగలేదు. (దిగలేదంటే మానేశానని కాదు, మజ్జిగ ఎక్కువ పోసుకుని దింపాను. నిజం చెప్పాలి కదా.) ఎలాగైనా ఈ పిల్ల చేతులు కిందికి దింపాలనుకున్నాను. అయితే నా బుర్ర అప్పటికీ ఇస్త్రీ మడతలోనే ఉంది. మట్టీ ఆడాలి, బట్టా మాయకూడదు. దీనికి నేను కనిపెట్టిన ఉపాయం యూరియా బస్తాలు. పిన్ని వాళ్లింట్లో ఖాళీవి ఇరవై అడిగి తెచ్చి, రెండుసార్లు ఉతికి (ఉతకడంలో నన్ను ఎవరూ తప్పుపట్టలేరు), అడుగున తల పట్టేంత బెజ్జం కోసి, శనివారం పిల్లలందరికీ పైనుంచి తొడిగాను. తొడిగాక గానీ తెలియలేదు, చేతులకి బెజ్జాలు పెట్టడం మరిచిపోయానని. ఇరవై తలకాయలు ఇరవై బస్తాల మీద మొలిచి నా వంక చూశాయి. ఒకడి పొట్ట మీద "నికర బరువు", ఇంకొకడి వీపు మీద "కొక్కేలు వాడరాదు". ఒకడు నడవబోయి పక్కవాడి మీద పడ్డాడు, వాడు ఇంకొకడి మీద పడ్డాడు, వరసంతా ఒరిగింది. ఆ సమయంలోనే కరస్పాండెంట్ గారు గేటు తీసుకుని వచ్చారు. కాసేపు చూసి, "లోడు బాగానే కట్టారు. లారీ ఎప్పుడొస్తది మేడం?" అని లోపలికి వెళ్లిపోయారు.

పిచ్చుక మాత్రం ఆ బస్తాలో హాయిగా నవ్వుతూ ఉంది. బస్తా తీస్తానంటే వద్దంది. ఎందుకో నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. లోపల ఉన్నంతసేపూ చేతులు ఎత్తి పట్టుకోనక్కర్లేదు మరి.

సోమవారం ఆయమ్మ చీపురు గోడకి ఆనించి, "నువ్వు దిగితే గదా అది దిగేది" అంది. నేను పంపు వైపు చూశాను. నా చీర వైపు చూసుకున్నాను. లేత పసుపుది, గంజి పెట్టి నిలబెడితే నేను లేకుండా కూడా నిలబడుతుంది. ఎన్నికల్లో ఓడిపోయే అభ్యర్థిలా నవ్వుతూ గీత దాటాను. కూర్చుందామనుకున్నాను గానీ రేగడి ఆ మర్యాద ఇవ్వలేదు. రెండు కాళ్లూ ముందుకి జారి, కూలబడ్డాను. పిల్లలు ఒక్క క్షణం నోరు తెరిచి చూశారు. తరువాత పంతొమ్మిది మందీ కేకలు పెడుతూ వచ్చి నా మీద పడ్డారు. జుట్టులో రేగడి, చెవిలో రేగడి. ఎవడో నా భుజం మీద గోడ కట్టడం మొదలుపెట్టాడు. అంత నవ్వు ఆ బడిలో అంతకుముందు వినలేదు. ఆ నవ్వుని ఇన్నాళ్లూ ఉతికేసింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

పిచ్చుక మాత్రం వరండా దిగి వచ్చి, గీత అవతలే ఆగింది. చేతులు అలాగే ఉన్నాయి. నన్ను పైనుంచి కిందికి చూసింది. కనుబొమలు ముడిచింది. ఆ ముడత ఎక్కడో చూసినట్టే ఉంది. తీరా చూస్తే నాదే.

"ఏంది మేడం, ఇట్టా మాపుకున్నావు?" అంది. "రేపు మీ అమ్మని తీసుకురా."

"మా అమ్మ నరసరావుపేటలో ఉంది కదే" అన్నాను.

"బస్సెక్కి రమ్మను. తల్లిని చూసే గదా పిల్ల నేర్చుకునేది."

ఆయమ్మ గభాలున ముఖం తిప్పుకుంది. నవ్వుకో, ఇంకెందుకో నాకు తెలియదు. నాకు మాత్రం ఒంటి మీద రేగడి అంతా ఒక్కసారిగా బరువెక్కింది. "ఫో, గోడకేసి నిలబడు" అంది పిచ్చుక. లేచి వెళ్లి నిలబడ్డాను. సున్నం గోడకి ముక్కు ఆనించి, చీర కుచ్చిళ్ల నుంచి బొట్లు బొట్లుగా కారుతుంటే, ఇరవై రెండేళ్ల టీచరుని నిలబడ్డాను. కాసేపటికి వెనక ఏదో చప్పుడు. తడిమట్టిని అరచేతులతో చరిచే చప్పుడు, ఒకటి, ఆగి ఇంకొకటి. తరువాత వరసగా. "పిచ్చుక దిగిందా?" అని గోడనే అడిగాను. "దిగిందిలే. ఇటు తిరగమాక" అంది ఆయమ్మ. నేను తిరగలేదు.

సాయంత్రం వాళ్లమ్మ వచ్చింది, ఎప్పటిలా ఒళ్లంతా రాతిపొడితో. పిల్లని చూడగానే ఆమె ముఖం మారింది, చేయి లేచింది. పిచ్చుక చేతులు రెండూ వెనక్కి దాచుకుని, గోడవైపు జరిగింది. గేటు దగ్గర మిగతా తల్లులంతా ఉన్నారు, కరస్పాండెంట్ గారు ఉన్నారు. అప్పుడు నేను అనవలసింది రెండే మాటలు. "తప్పు నాదమ్మా." నాలుక చివరి దాకా వచ్చాయి. వచ్చి, గేటు దగ్గరున్న వాళ్లందరినీ చూసి వెనక్కి వెళ్లిపోయాయి. "కొట్టకమ్మా. ఇవాళ మట్టి పాఠం ఉంది, నేనే ఆడించాను" అన్నాను.

ఆమె నా చీర వంక, నా జుట్టు వంక చూసింది. "పాఠమా" అంది. ఎత్తిన చేయి దింపింది. "పాఠమైతే సరే మేడం. నేను ఏందో అనుకున్నా." పిల్ల వైపు వంగి, "బాగా నేర్చుకున్నావా?" అని అడిగింది.

"మేడంకే సరిగ్గా రాలా" అంది పిచ్చుక.

తల్లి నవ్వింది. రాతిపొడిలో ఆ నవ్వు చుట్టూ సన్నటి గీతలు పడ్డాయి. "గౌను నేను ఉతికి పంపిస్తాను" అన్నాను, అదేదో గొప్ప ప్రాయశ్చిత్తమైనట్టు. "మీ వల్ల కాదులే మేడం, రేగడి మొండిది" అని పిల్లని చంకనేసుకుంది. అప్పటికప్పుడే పిల్ల మట్టి ఆమెకీ, ఆమె పొడి పిల్లకీ అంటుకున్నాయి. ఇద్దరిలో ఒక్కరూ దాన్ని పట్టించుకోలేదు.

మర్నాటి నుంచి ముగ్గుగీత లేదు. కొందరు తల్లులు గొణిగారు, కరస్పాండెంట్ గారు నన్ను ఆ బిరుదుతో మళ్లీ పిలవలేదు. ఆ రెండు మాటలు మాత్రం ఆమెతో ఏడాది చివరి దాకా అనలేకపోయాను. రోజూ గేటు దగ్గర కనబడేది, రోజూ "బాగున్నావా అమ్మా" అనేదాన్ని. ఇప్పుడు నేను పనిచేసే ఊరి నుంచి వాళ్ల ఊరికి బస్సులో గంటన్నర. ఈ ఆదివారం వెళ్లి చెప్పివద్దామని చాలా ఆదివారాలు అనుకున్నాను. వెళ్లకుండా, ఇదిగో, ఇక్కడ రాస్తున్నాను. తప్పు నాదమ్మా. ఆమెకి చదవడం రాదని తెలిసే రాస్తున్నానని మీరు గ్రహించే ఉంటారు. అప్పటి మేడం పిరికిది. ఇప్పటి మేడం రాయడం వచ్చిన పిరికిది. ఆ పాటి ఎదుగుదలకే నాలో నేను కాస్త నవ్వుకుంటాను, తల వంచుకునే.