మూడో సీసాలో నీళ్లు

రాజగోపాల్ ఎవర్నీ నమ్మడు. ఇది నేను ఆయన మీద చెబుతున్న చాడీ అనుకునేరు, ఆయనే మీసం దువ్వుకుంటూ చెప్పుకునే మాట. ఫోన్‌లో మూడు వాతావరణం యాప్‌లు చూసి, మూడింటినీ తిట్టి, గుమ్మంలోకి వచ్చి ఆకాశం చూసుకుంటాడు. ఇండియన్ స్టోర్‌లో కందిపప్పు కొంటే ఇంటికి తెచ్చి మళ్లీ తూకం వేస్తాడు. డాక్టరు మాత్ర రాస్తే దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ చదివి సగం మాత్ర మింగుతాడు.

ఈ గుణం ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు, ఒక కేక్ ముక్కతో వచ్చింది. ఇరవై ఏళ్ల కిందట ఆయన ఈ చలిదేశంలోనే, కనాటా అనే ఊళ్లో, ఓ టెలికాం కంపెనీలో ఇంజనీరు. ఓ శుక్రవారం మధ్యాహ్నం డైరెక్టరు అందర్నీ పిలిచి కేక్ కోసి, మన ప్రాజెక్టుకు ఏ ఢోకా లేదని నవ్వుతూ చెప్పాడు. సోమవారం పొద్దున గేటు దగ్గర రాజగోపాల్ కార్డు పనిచేయలేదు. ఆ తర్వాత మనిషి నవ్వు మీద ఆధారపడే పని ఏదీ చేయకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. ఒంగోలు పక్క పల్లెలో మేకల మధ్య పెరిగినవాడు కాబట్టి, గ్వెల్ఫ్ ఊరి బయట నలభై ఎకరాలూ ఓ పాత ఇల్లూ కొని మేకలు పెట్టాడు. మేక మోసం చేయదని ఆయన సిద్ధాంతం. కంచె దూకేముందు కూడా ముఖం మీదే చెప్పి దూకుతుందట.

పది మేకలు నూట అరవై అయ్యాయి. మేకలున్నచోట ఎరువుంటుంది, ఆ దేశంలో ఎరువున్నచోట చట్టం ఉంటుంది. గడ్డకట్టిన నేల మీద చల్లకూడదు, వాన ముందు చల్లకూడదు, వాగుకు ఇంత దూరం, బోరుకు ఇంత దూరం. పక్క పొలం హెంక్ తాతల నాటి నుంచి పాడి చేస్తున్నవాడు. అతను కూడా ఆ నిబంధనలను మన రాజగోపాల్ చదివినంత శ్రద్ధగా చదివి ఉండడు. "తప్పు పట్టడానికే రాశారివి. మనం దొరక్కూడదు" అనేవాడు రాజగోపాల్. ఎరువు కుప్పకు మెరక మీద కాంక్రీటు చప్టా పోయించాడు. ఇంటి వెనక బోరు చుట్టూ టేపు పట్టి పదిహేను మీటర్లు కొలిచి ఎర్ర గూటాలు పాతాడు. ఎరువు బండి ఆ గూటాలు దాటి ఏనాడూ లోపలికి రాలేదు.

ఇక గోంగూర సంగతి. భార్య ఝాన్సీలక్ష్మి ఊళ్లో డెంటల్ క్లినిక్‌లో పనిచేస్తూ, తీరికవేళ పెరట్లో ఒక మడి గోంగూర వేసేది. ఇంతలో చదువులకని గ్వెల్ఫ్ నిండా మన పిల్లలు దిగారు. బేస్‌మెంట్‌కి ఆరుగురు, బస్సులో నలుగురుంటే ఇద్దరు తెలుగే. వాళ్లలో ఎవరో వాట్సాప్ గ్రూపులో ఎర్రకాడ గోంగూర ఫొటో పెట్టారు. ఆదివారం వస్తే చాలు, ఇంటి ముందు కార్లు. ఒక మడి రెండయింది, రెండు మూడయ్యాయి, మూడోది బోరు గొట్టం దాకా పాకింది. బోరు పక్కన ఆకుకూర వేయడం మనవాళ్లకు ఒకరు నేర్పాలా? చెమ్మ ఉంటుంది, చేతికి అందుతుంది. రాజగోపాల్ ఏటా మంచు కరగ్గానే చక్రాల తోపుడుబండితో మేక ఎరువు తెచ్చి మడుల నిండా దట్టంగా పోసేవాడు. ఆకు అరచేయంత వచ్చేది. పిల్లలు "అంకుల్, ఊళ్లో కూడా ఇట్లాంటిది తినలేదు" అంటుంటే, ఆ ఒక్క మాటను మాత్రం అనుమానించకుండా నమ్మేవాడు.

ఆ ఏడు జనవరిలో ధాత్రి వచ్చింది. కరీంనగర్ పిల్ల, నీళ్ల కాలుష్యం మీద మాస్టర్స్. ఊళ్లో గది దొరక్క స్నేహితురాలి సోఫాలో పడుకుంటుంటే ఝాన్సీ జాలిపడి మేడమీద గది ఇచ్చింది. రాజగోపాల్ పాస్‌పోర్టు చూశాడు, కాలేజీ ఉత్తరం చూశాడు, వాళ్ల నాన్నకు వీడియో కాల్ చేసి ఆయన ముఖం కూడా చూశాడు. అప్పటికి కొంత కుదుటపడి, "మినరల్ వాటర్ సీసాలు మోసుకురాకమ్మా. మా బోరు నీళ్లు కొబ్బరినీళ్లు" అన్నాడు. ధాత్రి ఆ మాట పట్టుకుని కుళాయి తిప్పి గ్లాసులకు గ్లాసులు తాగేది. ఝాన్సీకి జీలకర్ర వేసి మరిగించిన నీళ్లే అలవాటు. ఆయనకు పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా కాఫీయే.

జూన్‌లో ప్రభుత్వ పర్యావరణ శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. పొలం పక్క వాగు నీళ్లలో పశువుల మలం తాలూకు బ్యాక్టీరియా పెరిగిందట. ఎరువు నిబంధనలు ఎలా పాటిస్తున్నారో చూడడానికి అధికారి వస్తారు, ఈలోగా ఈ ఫారం నింపండి, లోపాలుంటే సరిదిద్దేవరకు మందను తగ్గించమని ఆదేశించే అధికారం మాకుంది అని రాశారు. ఆ చివరి వాక్యం చదివేసరికి రాజగోపాల్‌కు సోమవారం పొద్దుటి గేటు గుర్తొచ్చింది. మళ్లీ అదే కేక్, అదే కార్డు. అరవై మూడేళ్ల వయసులో మేకలు పోతే ఇక మొదలెట్టడానికి ఏమీ లేదు.

"ఎవరో కంప్లైంట్ ఇచ్చారు," అన్నాడు భార్యతో.

"అలా రాయలేదు కదండీ ఇందులో."

"రాస్తారా? రాయరు. ఇన్నేళ్లుగా రాని ఉత్తరం ఇప్పుడెందుకొచ్చింది? ఇంట్లోకి ఎవరొచ్చారు కొత్తగా?"

ఝాన్సీ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఆ పిల్లనా? మతుండే మాట్లాడుతున్నారా?"

"చదివేది నీళ్ల కాలుష్యం. ఫోన్ పట్టుకుని పెరడంతా తిరుగుతుంది. పాలు పోసి పామును పెంచుతున్నామేమో చూసుకో."

ఆ రోజు నుంచి ఆయన కళ్లు ధాత్రి వెంటే. ఆమె వాగు వైపు నడిస్తే కిటికీ దగ్గర నిలబడేవాడు. ఫోన్‌లో మాట్లాడితే మెట్ల కింద ఏదో వెతుక్కునేవాడు. పిల్ల చిక్కిపోయింది, అన్నం సగం వదిలేస్తోంది, క్లాసులకు కూడా సరిగా వెళ్లడం లేదు. "తప్పు చేసినవాళ్లకు ముద్ద దిగదు" అని తేల్చేశాడు. ఆయనకూ అప్పుడప్పుడు కడుపులో గడబిడగానే ఉండేది, దానికి కొత్త దుకాణంలో కొన్న నూనెను దోషిగా నిలబెట్టాడు.

ఓ శనివారం ఆడవాళ్లిద్దరూ సరుకులకు వెళ్లారు. ధాత్రి కాలేజీ బ్యాగు డైనింగ్ టేబుల్ మీదే ఉండిపోయింది. రాజగోపాల్ చుట్టూ చూసి జిప్పు లాగాడు. నీళ్ల నమూనా సీసాలు ఉంటాయని ఆయన లెక్క. పుస్తకాలున్నాయి, ఛార్జర్ ఉంది, అడుగున ఓఆర్ఎస్ పొట్లాలు ఓ కట్ట, రెండు మాత్రల షీట్లు ఉన్నాయి. సీసాలు లేవు. అన్నీ ఎలా ఉన్నవి అలా సర్ది, కొంచెం నిరాశగా, కొంచెం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

ధాత్రి కాకపోతే మిగిలింది హెంక్. కంచె దగ్గర దొరకబుచ్చుకుని ఉత్తరం గురించి కదిపాడు. హెంక్ టోపీ వెనక్కి తోసి, నాకూ వచ్చింది, ఈ వాగు ఒడ్డున పొలం ఉన్న అందరికీ వచ్చింది, రెండో పేజీలో రాసి ఉంది కదా అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాడికి రెండో పేజీ చదివే ఓపిక ఎక్కడుంటుంది! ఇంటికొచ్చి చదివాడు. ఉంది. అయినా నమ్మలేదు. హెంక్ అంత తొందరగా జవాబు చెప్పాడంటే ముందే సిద్ధం చేసుకున్నాడన్నమాట. అతనికి నూట యాభై ఆవులు, చెరువంత పేడ ట్యాంకు. తన పాపం కిందికి వదిలి నా మీదికి తోస్తున్నాడు, రుజువు చేస్తాను అనుకున్నాడు.

ప్రైవేటు ల్యాబ్ నుంచి పరీక్ష కిట్ తెచ్చాడు. అందులో మూడు సీసాలు. వాగు హెంక్ పొలం దాటి తన పొలంలోకి దిగేచోట ఒకటి నింపాడు, తన పొలం దాటాక ఒకటి. మూడోది మిగిలింది. వృథా చేయడం ఎందుకని వంటింటి కుళాయి తిప్పి నింపాడు. మంచి నీళ్లంటే ఎలా ఉంటాయో ఆ ల్యాబ్ వాళ్లకూ తెలియాలి కదా! దాని మీద శుభ్రంగా పెద్దక్షరాలతో "మా ఇంటి నీళ్లు" అని ఇంగ్లీషులో రాసి ఇచ్చి వచ్చాడు. అధికారి పంపిన ఫారం కూడా ఆ రోజే నింపాడు. బోరుకు పదిహేను మీటర్ల లోపు ఎరువు వాడుతున్నారా అన్న ప్రశ్న ఎదురుగా, కలం విరిగేంత గట్టిగా, లేదు అని రాశాడు. అబద్ధమాడుతున్నానని ఆయనకు తెలియదు.

అధికారి రావడానికి రెండు రోజుల ముందు, పొద్దున్నే ల్యాబ్ నుంచి మెయిల్ వచ్చింది. కాఫీ పక్కన పెట్టుకుని హెంక్ పని పట్టడానికి తెరిచాడు. వాగు, పైన: కొద్దిగా. వాగు, కింద: దాదాపు అంతే. మా ఇంటి నీళ్లు: తాగడానికి పనికిరావు. మలం బ్యాక్టీరియా ఉంది. పక్కన అంకె ఎర్రగా ఉంది.

సీసాలు తారుమారు చేశారన్నాడు. ల్యాబ్ దొంగది అన్నాడు. వినడానికి ఎవరూ లేరు, ఝాన్సీ పనికి వెళ్లిపోయింది, ధాత్రి ఇంకా మేడ దిగలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా పెరట్లోకి నడిచాడు. బోరు చుట్టూ గోంగూర నడుమెత్తు పెరిగి ఉంది. కాడలు పక్కకు తోసి చూశాడు. పాత గొట్టం నేలకు జానెడు ఎత్తు కూడా లేదు. మూత అంచు పగిలి ఉంది. దాని చుట్టూ నల్లగా, తడిగా, తను వసంతంలో పోసిన మేక ఎరువు. దూరంగా ఎర్ర గూటాలు బుద్ధిగా నిలబడి ఉన్నాయి, పొలం ఎరువును లోపలికి రాకుండా కాపలా కాస్తూ. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఏమిటో ఆయనకు అప్పుడు తెలిసింది. గోంగూర మడి కూడా చట్టం లెక్కలోకి వస్తుందని ఆయన బుర్రకు ఒక్కనాడూ తట్టలేదు. అది పొలం కాదు, పెరడు. అది ఎరువు చల్లడం కాదు, ఆకుకూర.

అక్కడే మరో బుద్ధి కూడా పుట్టింది. ఎవరికీ తెలియదు. రెండు రోజులుంది. మట్టి తవ్వి పారేసి, మూత మార్చి, మెయిల్ తీసేస్తే మేకలు మిగులుతాయి. పార కోసం కొట్టం వైపు రెండడుగులు కూడా వేశాడు.

వంటింట్లో కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది.

రాజగోపాల్ పరిగెత్తి ఎన్నేళ్లయిందో! మట్టికాళ్లతో వంటింట్లోకి దూసుకొచ్చాడు. ధాత్రి గ్లాసు నోటి దగ్గర పెట్టుకుంది. ఆయన చెయ్యి విసిరేసరికి గ్లాసు సింకులో పడి భళ్లుమంది.

"తాగకు! ఆ నీళ్లు తాగకమ్మా!"

"ఏమైంది అంకుల్?" పిల్ల భయపడి గోడకు అంటుకుపోయింది.

"పాడైపోయినయ్. మా బోరే. మేక ఎరువు దిగింది. టెస్ట్ చేయించా, ఇప్పుడే వచ్చింది రిజల్ట్." ఆయాసంతో మాట సరిగా రావడం లేదు. "నీకేమన్నా... ఒంట్లో బాగుంటుందా?"

ధాత్రి గోడ వదిలి ఒక అడుగు ముందుకేసింది. తర్వాత నెమ్మదిగా, "మే నుంచి మోషన్స్ అయితున్నయి అంకుల్. తగ్గుతది, మళ్లీ వస్తది. బయటి ఫుడ్ అనుకున్న. నీళ్లు ఎక్కువ తాగితే మంచిదని..." అంటూ సింకులో గాజు ముక్కల వైపు చూసింది. "ఇవే ఇంకా ఎక్కువ తాగిన. ఓఆర్ఎస్ కూడా ఈ నీళ్లల్లనే కలుపుకున్న."

రాజగోపాల్ కుర్చీలో కూలబడ్డాడు. చిన్నప్పుడు తల్లి చనిపోయినప్పుడు ఏడ్చినవాడు, మళ్లీ ఇప్పుడే కళ్లు తుడుచుకున్నాడు. లేచి ఆ పిల్లను క్లినిక్‌కు తీసుకెళ్లాడు. వెయిటింగ్ రూమ్‌లోనే అధికారికి ఫోన్ చేసి, ఫారంలో తప్పు రాశాను, రేపే రండి, బోరు పక్కన ఎరువుంది, నేనే పోశాను అని చెప్పాడు.

అధికారిణి వచ్చి గంటన్నర చూసింది. మేకలు ఉండొచ్చంది. మడి మొత్తం తీసేయాలి, గొట్టం ఎత్తు పెంచి బోరులో మందు వేయించాలి, వరసగా రెండు పరీక్షలు బాగొచ్చేదాకా ఆ నీళ్లు ముట్టకూడదు. ఆ ఆదివారం గోంగూర కోసం వచ్చిన కార్లన్నిటినీ రాజగోపాల్ రోడ్డు మీదే ఆపాడు. "ఎవరెవరు మా ఇంట్లో నీళ్లు తాగారో వాళ్లంతా డాక్టర్ దగ్గరికెళ్లండి. తప్పు మాదే, నాదే," అని ఒక్కో కారు అద్దం దగ్గరికీ వెళ్లి చెప్పాడు. కొందరు తిట్టుకుంటూ పోయారు. ఆ మాటలన్నీ పడ్డాడు.

సాయంత్రం ఆయన మడి పీకుతుంటే ధాత్రి వచ్చి పక్కన కూర్చుంది. మందులు పడ్డాక ముఖంలో కాస్త కళ వచ్చింది. తనూ రెండు కాడలు పీకింది.

"అమ్మా, నీకో మాట చెప్పాల," అన్నాడు చివరికి. "ఆ ఉత్తరం వచ్చినప్పుడు నువ్వే కంప్లైంట్ ఇచ్చావనుకున్నా. నీ బ్యాగ్ కూడా..."

"తెలుసు అంకుల్. బుక్స్ తిరగేసి పెట్టిన్రు."

"తెలిసీ ఊరుకున్నావా?"

"ఇంకో రూమ్ ఏడ దొరుకుతది?" అంది ధాత్రి, చేతిలో ఎర్రకాడ తుంచుతూ. "కోపమొచ్చింది ఫస్ట్. తర్వాత అనుకున్న, పోనీలే, ఓఆర్ఎస్ ప్యాకెట్లు చూసుంటరు కదా, ఒంట్లో ఎట్లుందని ఇయ్యాల అడుగుతరు అని. ఆ రాత్రి డిన్నర్‌కి కిందికొచ్చి, మీరు అడుగుతరేమోనని చాలాసేపు కూసున్న."