రైలు వెళ్లేదాకా

మా బ్యాండ్ వాయించేది పవర్ పాప్ అని చెబితే, అదేంటని అడిగింది మా అమ్మ. గిటార్లు గట్టిగా, దరువు హుషారుగా ఉంటాయి, మాటలు మాత్రం ప్రేమ చెడినవాళ్లవి అని చెప్పాను.

"అయితే ఏడవాలా, ఎగరాలా?" అంది.

"రెండూ ఒకేసారి చెయ్యాలమ్మా."

"ఏంటో మీ గోల" అని మళ్లీ చిక్కుడుకాయలు తుంచుకోవడంలో పడిపోయింది.

మేం ముగ్గురం. పాటలు రాసి, గిటార్ వాయిస్తూ పాడేది అతను. డ్రమ్స్ కొట్టే అబ్బాయిది మైలవరం. వారమంతా బైకుల షోరూములో ఉద్యోగం, ఆదివారం మధ్యాహ్నం మాతో. బేస్ గిటారూ రెండో గొంతూ నావి. రెండో గొంతంటే, అతను పాడే వరుసకి కింద ఇంకో వరుస పాడటం. ఆ విద్య నాకు చర్చి క్వయర్‌లో అబ్బింది. పక్కవాళ్లు ఏం పాడుతున్నా నా వరుస నేను వదలను.

అతనూ నేనూ నాలుగేళ్లు ప్రేమించుకున్నాం. "మా ఇంట్లో ఒప్పుకోరు, ఇక్కడితో ఆపేద్దాం" అన్నది అతనే. పున్నమి ఘాట్ మెట్ల మీద కూర్చుని, మొక్కజొన్న పొత్తు తింటూ అన్నాడు. ఆ పొత్తు పూర్తిగా తిన్నాడు కూడా. మర్నాటి నుంచి నన్ను "అండీ" అనడం మొదలుపెట్టాడు. మా కృష్ణా జిల్లా మర్యాదకేం లోటు లేదు.

నెల తిరక్కుండా పాటలు పుట్టుకొచ్చాయి. అన్నిట్లోనూ వదిలేసి వెళ్లింది అమ్మాయే. "వెళ్లిపోయావుగా, తలుపైనా వెయ్యకుండా" అని అతను పైన ఎత్తుకుంటే, కింద నేను కూడా "వెళ్లిపోయావుగా" అనాలి. నన్ను నేనే తిట్టుకునే ఉద్యోగం. ఒళ్లు మండిపోయేది. అయినా మానలేదు. అతని పక్కన నిలబడటానికి నాకు మిగిలిన చోటు ఆ పాటొక్కటే. సిగ్గు లేదా అంటే, లేదు.

మొన్న వేసవిలో మాత్రం ఇక భరించలేక, బ్యాండ్ మానేస్తున్నానని చెప్పాను. నిజానికి మానేద్దామని చెప్పలేదు, ఉండమంటాడని చెప్పాను. నా గొంతు లేకపోతే ఆ పాటలు బోసిపోతాయని అతనికి నాకంటే బాగా తెలుసు.

అతను మాత్రం, "వెళ్లేముందు మీ పార్టులు రికార్డు చేసిస్తారా అండీ? స్టేజీ మీద ల్యాప్‌టాప్‌లో వేసుకుంటాం" అన్నాడు.

సరేనన్నాను. రికార్డింగ్ అన్నాక పక్కపక్కనే కూర్చుంటాం, అప్పుడైనా ఉండమంటాడని ఆశ.

మేం వాయించుకునే గది కొండపల్లిలో, డ్రమ్మర్ వాళ్ల పిన్నిగారి మేడ మీద, రైలు పట్టాల పక్కనే. ఫ్యాను చప్పుడు మైకులో పడుతుందని ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, మే నెల ఎండలో ఉడికిపోతూ పాడాను. రైలొచ్చినప్పుడల్లా పాడటం ఆపెయ్యాలి. అది వెళ్లేదాకా చేసే పనేం ఉండదు. నేను ఆ రైళ్ల కోసమే ఎదురుచూశాను. ఒక రైలు వెళ్లేలోపు అతను చెమట తుడుచుకున్నాడు. ఇంకో రైలు వెళ్లాక, "అక్కడ కొంచెం శ్రుతి పెరిగిందండీ, ఇంకోసారి" అన్నాడు.

ఆఖరి పాట మధ్యలో బొగ్గు గూడ్సు వచ్చింది. అదొక పట్టాన వెళ్లేది కాదు. డ్రమ్మర్ మంచినీళ్లకి కిందికి దిగాడు. అతను హెడ్‌ఫోన్లు తియ్యకుండా తల వంచుకుని కూర్చున్నాడు. నేను మైకు ముందే నిలబడి, "ఉండమంటే ఉండిపోతాను" అన్నాను.

తల ఎత్తలేదు. గూడ్సు వెళ్లిపోయింది. "రెడీయేనా అండీ?" అన్నాడు.

వినపడలేదనుకున్నాను. ఆ మోతలో ఎవరికి వినపడుతుంది? వింటే ఉండమనేవాడే కదా. ఆ వేసవంతా ఆ గూడ్సుని తిట్టుకుంటూ బతికాను. మళ్లీ అడుగుదామని ఫోను తియ్యడం, పక్కన పడెయ్యడం.

వానలు మొదలయ్యాక విజయవాడలో ఒక కాఫీ షాపు మేడ మీద వాళ్ల షో పెట్టారు. ఈసారి రైలు లేనిచోట అడగాలనే వెళ్లాను. అమ్మ తోడొచ్చింది. మొదటి పాటలోనే స్పీకర్లలోంచి నా గొంతు లేచింది. అమ్మ నా నోటికేసి చూసి, "నువ్విక్కడుంటే అక్కడ పాడేదెవరే?" అంది. కాలేజీ పిల్లలు ఎగిరెగిరి పాడుతున్నారు. ఎక్కడా ఏ లోటూ లేదు. నేనున్నప్పుడు అప్పుడప్పుడూ శ్రుతి జారేది, ఇప్పుడదీ లేదు.

షో అయ్యాక అతని చుట్టూ పిల్లలు సెల్ఫీల కోసం మూగారు. కొంచెం ఖాళీ అయితే వెళ్దామని నిలబడ్డాను. ఈలోగా డ్రమ్మర్ నన్ను చూసి, వైర్లు చుట్టుకుంటూనే వచ్చాడు.

"ఎలా ఉందక్కా? రైళ్ల మోతంతా భలే తీసేశాం కదా!"

"భలే తీశారు."

"ఆ గూడ్సు వచ్చినప్పుడు రికార్డింగ్ ఆపలేదుగా, అక్కడే కష్టమైంది. అందులో నువ్వేదో అన్నావు కదా, ఉండమంటే ఉండిపోతానని. మైకు నోటి దగ్గరుందేమో, రైలు కన్నా అదే క్లియర్‌గా పడింది. పాట మాటేమో అనుకుని, ఉంచుదాం అన్నయ్యా బాగుంది అన్నాన్నేను. రెండుసార్లు విని, అన్నయ్యే కట్ చేసేశాడు."

ఆ రోజు హెడ్‌ఫోన్లు అతని చెవులకే ఉన్నాయి. మైకులో అన్న నా మాట నేరుగా అక్కడికే వెళ్లింది.

"ఆ అబ్బాయితో ఏదో మాట్లాడాలన్నావుగా, వెళ్లి మాట్లాడిరా. నేనిక్కడే ఉంటాలే" అంది అమ్మ.

"అయిపోయిందమ్మా" అన్నాను.

ఆటోలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, వాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టిన ఆ ఆఖరి పాట విన్నాను. నా మాట ఎక్కడుండేదో నాకు తెలుసు. ఇల్లు చేరేదాకా అక్కడే వెనక్కి జరిపి జరిపి విన్నాను. అతుకు కూడా తెలియలేదు.