పసుపునీళ్లు చల్లిన పుస్తకాలు

ఖాదర్ మొహిద్దీన్‌ది ఇందుకూరుపేటలో పుస్తకాలు కుట్టి అట్టలు వేసే పని. చేతికొచ్చిన ప్రతి పుస్తకాన్నీ చదివితే గాని కుట్టేవాడు కాదు. అందుకే చెప్పిన రోజుకు ఎవరికీ ఇచ్చిన పాపాన పోలేదు. పరదేశాల పిల్లల కథలంటే మరీ పిచ్చి. నెల్లూరు వెళ్లినప్పుడల్లా బొమ్మల పుస్తకాలు కొని, గట్టి అట్టలు వేసి, సైకిలు మీద మైపాడు దారిలో ఉన్న మా ఊరి పంచాయతీ లైబ్రరీకి తెచ్చేవాడు. 1959 నాటికి అలా ముప్పై దాకా చేరాయి. పెట్టిన షరతు ఒక్కటే, హరిజనవాడ పిల్లలకు కూడా ఇంటికివ్వాలి.

ప్రెసిడెంటు జయరామయ్యగారు మహా ఉదారంగా ఒప్పుకున్నారు. ఖాదర్ అటు వెళ్లగానే నన్ను పిలిచి, వాడ నుంచి తిరిగొచ్చిన పుస్తకం మీద పసుపునీళ్లు చల్లి, ఎండబెట్టి బీరువాలో పెట్టమన్నారు. నేను బడిపంతుల్ని, లైబ్రరీ తాళం నా దగ్గరే ఉండేది. కాగితం మీద నీళ్లేమిటండీ అనడానికైనా నాకు నోరు రాలేదు. చల్లాను. ఒక రోజు కాదు, ఏడాది పాటు చల్లాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది.

వాడలో ఉండే చెంగయ్య కూతురు చెంచులక్ష్మికి ఒక పుస్తకమంటే ప్రాణం. ఎక్కడో మంచు కురిసే దేశంలో బడిపిల్లలంతా, ఎవరి బిడ్డయినా సరే, ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒకే రొట్టెను సమంగా పంచుకునే కథ అది. ఎన్నిసార్లు తీసుకెళ్లిందో అన్నిసార్లూ చల్లాను. బొమ్మల్లో మంచంతా పసుపు మరకలే.

ఒకనాడు ఖాదర్ కొత్త పుస్తకాలతో వచ్చి కూర్చున్నాడు. అప్పుడే చెంచులక్ష్మి ఆ పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని వచ్చింది. పేజీలు ఉబ్బిపోయి నీళ్లు కారుతున్నాయి.

“మీకెందుకు శ్రమని ఇంటికాడ నేనే పసుపునీళ్లు చల్లకొచ్చినానయ్యా,” అంది.

నేను చల్లడం కిటికీలోంచి చూసిందట. గడపకు పసుపు రాసినట్టు, పుస్తకానికీ అదొక మర్యాద అనుకుంది.

ఖాదర్ పుస్తకం అందుకుని వాసన చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

“ఎందుకు చల్లతారో బిడ్డకు చెప్పండి,” అన్నాడు.

పురుగు పట్టకుండా అని చెప్పాను. ఛీ, ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం.

“అట్టయితే ఊర్లో పిల్లోళ్లు తెచ్చేవాటికి గూడా చల్లండయ్యా. వాటికి మాత్రం పురుగు పట్టదా?” అంది ఆ పిల్ల.

ఖాదర్ లేచాడు. తన పుస్తకాలన్నీ బీరువాలోంచి తీసి, సైకిలుకు కట్టుకుని, చెంగయ్య ఇంట్లో పెట్టి వచ్చాడు. కావలసినవాళ్లు వాడకే వెళ్లి అడిగి తెచ్చుకోవాలన్నాడు. ఊరి పిల్లలు పెద్దలకు తెలియకుండా వెళ్లారు కూడా. వాళ్లపాటి ధైర్యం నాకు లేకపోయింది.

ఆపైన తొమ్మిదేళ్లు ఖాదర్ మా బడి ముందునుంచే వాడకు పుస్తకాలు మోశాడు. నేను వాకిట్లో నిలబడి ఉన్నా, ఒక్కసారి కూడా సైకిలు దిగలేదు.